అమ్మ దగ్గర ఎనిమిది, నాన్న దగ్గర నాలుగు

నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం తల్లి అలారం మోగకముందే లేచేది. కూతురికి తల దువ్వి రెండు జడలు వేసి, పాలు తాగించి, ఒక ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని బయల్దేరేది. బస్సు సరిగ్గా కోర్టు వెనక గేటు దగ్గర ఆగుతుంది. దారిపొడుగునా పిల్ల ఎక్కాలు అప్పజెప్పేది. ఏడో ఎక్కంలో ఎప్పుడూ ఒకచోటే తడబడి, ఏడెనిమిదులు యాభై నాలుగు అనేది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూనే "యాభై ఆరు" అనేది. "నేనూ అదే అన్నాను," అనేది పిల్ల.

కోర్టు వెనకాల పాత రికార్డుల గదిని ఆనుకుని ఒక హాలు ఉంది. దాన్ని అందరూ అప్పగింతల గది అంటారు. అసలు పేరు తలుపు మీద బోర్డులో రెండు వరుసల పొడుగున ఉంది గాని, దాన్ని పూర్తిగా చదివే ఓపిక లాయర్లకే లేదు. గదికి రెండు తలుపులు. పిల్లని తెచ్చేవాళ్ళది ఒకటి, తీసుకెళ్ళేవాళ్ళది ఒకటి. మధ్యలో ముదురాకుపచ్చ తెర. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు ఎదురుపడితే పిల్ల దగ్గుతో మొదలుపెట్టి, పెళ్ళినాటి సంగతుల దాకా పోయి, ఆఖరికి కుర్చీలు లేపుతున్నారని ఎప్పుడో ఒక జడ్జిగారు విసుగెత్తి ఆ తెర కట్టించారట.

విడిపోయినవాళ్ళ పిల్లలకి వయసు ఒకటి కాదు, రెండు. విడిపోయిన నాటినుంచి తల్లి దగ్గర ఎన్ని రోజులు గడిపితే తల్లి దగ్గర అన్ని రోజులే పెరుగుతారు, తండ్రి దగ్గర ఎన్ని గడిపితే తండ్రి దగ్గర అన్ని. చెప్పుల కొట్టుకి వెళ్తే కొట్టతను పిల్ల మొహం వంకైనా చూడకుండా "మామూలు జతా, కోర్టు జతా?" అని అడుగుతాడు. కోర్టు జత అంటే ఒకే పెట్టెలో, ఒకే రంగులో, రెండు సైజుల చెప్పులు. ఈ పిల్ల అమ్మానాన్నలు విడిపోయేనాటికి మూడున్నరేళ్ళది. ఆ తర్వాత ఐదేళ్ళు గడిచాయి. నెలకి రెండు ఆదివారాలు, వేసవి సెలవుల్లో పది రోజులు, ఇదీ తండ్రి వాటా. అన్నీ పోగేస్తే ఆరు నెలలు కూడా నిండవు. కాబట్టి తల్లి దగ్గర ఎనిమిదేళ్ళ పిల్ల, తండ్రి దగ్గర నాలుగేళ్ళది.

గదిలో రిజిస్టరు రాసే ముసలావిడ ఒకరుండేవారు. ఆవిడ్ని అందరూ రిజిస్టరమ్మ అనేవారు. తల్లి సంతకం పెట్టి టైము వేశాక, పిల్ల తెర వెనక్కి వెళ్ళి చెయ్యి అవతలికి చాపేది. రెండో చెయ్యి ఇవతల తల్లి చేతిలో ఉండేది. అవతల తండ్రి చెయ్యి తగలగానే తల్లి వదిలెయ్యాలి. ఎనిమిదేళ్ళ పిల్ల గౌనూ చెప్పులూ నేల మీద ఉండిపోతాయి. నాలుగేళ్ళ పిల్లకి తండ్రి తెచ్చిన బట్టలు తొడిగి, మిగిలినవి రిజిస్టరమ్మ ఖాళీ సంచీలో వేసి అరలో పెట్టేది. తల్లి వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి, అది రూలు. ఎందుకంటే నాలుగేళ్ళ పిల్ల అమ్మని చూస్తే ఊరుకోదు. పరిగెత్తుకొచ్చి పట్టుకుంటుంది, పట్టుకోగానే మళ్ళీ ఎనిమిదేళ్ళదైపోతుంది, ఇక రోజంతా అదే తంతు.

అలా ఐదేళ్ళుగా తల్లి ఆ నాలుగేళ్ళ పిల్లని చూడలేదు. తండ్రి ఎనిమిదేళ్ళ పిల్లని చూడలేదు. ఫొటో పంపమని ఆయన ఒకసారి అడిగితే, ఆమె లాయరు చేత అడిగించమంది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నెలనెలా కోర్టు చెప్పినంతా కట్టేవాడు గాని, మూడో తరగతి ఫీజు రసీదు చేతిలో పడ్డ ప్రతిసారీ గొణిగేవాడు. "నా ఇంట్లో పిల్లకి అ ఆలే పూర్తిగా రావు, మూడో తరగతి ఎవరు చదువుతున్నట్టు?" అనేవాడు. తెర అవతలనుంచి ఆయన "ఏరా బుడంకాయా" అనడం, వెంటనే పిల్ల కిలకిలా నవ్వడం తల్లికి తలుపు దాకా వినిపించేవి. ఆ పేరంటే ఆమెకి ఒళ్ళుమంట.

రెండేళ్ళ కిందట ఆయన సగం రోజులు కావాలని పిటిషన్ వేశాడు. ఆమె పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని కూర్చుని, ఉన్నవీ లేనివీ చెప్పి దాన్ని కొట్టేయించింది. ఒక్క రోజు కూడా ఎక్కువ ఇవ్వనంది. ఆమెకి కారణాలు లేకపోలేదు. కొన్ని పిల్లకి సంబంధించినవి, ఎక్కువ భాగం పాత మొగుడికి సంబంధించినవి.

ఆమె పనిచేసేది ఒక రక్తపరీక్షల ల్యాబులో. పదకొండేళ్ళుగా అదే స్టూలు, అదే మైక్రోస్కోపు. ఒక చుక్క రక్తం గాజు స్లైడు మీద పల్చగా పరిచి, రంగు పట్టించి, కింద పెట్టి తెల్లకణాలు ఏ రకం ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. వంద లెక్కపెడితే సరిపోతుంది. ఆమె కన్ను ఎంత నమ్మకమైనదంటే, మిగతా ల్యాబులవాళ్ళు అనుమానం వచ్చిన స్లైడులు ఆమెకే పంపేవాళ్ళు.

వానలు వెనకబడే రోజుల్లో పిల్లకి విడవకుండా జ్వరం పట్టుకుంది. మోకాళ్ళ మీద నల్లటి కముకుదెబ్బలు కనిపించాయి. స్కూల్లో బెంచీ తగిలిందేమో అనుకుంది తల్లి. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలో రక్తం వచ్చింది. బ్రష్షు గట్టిదేమో అనుకుంది. ఊరందరి రక్తం చూసే మనిషి సొంత కూతురి విషయంలో మూడు వారాలు బెంచీలనీ బ్రష్షులనీ తిట్టుకుంటూ గడిపింది. చివరికి ఒక శనివారం మధ్యాహ్నం, ల్యాబు కట్టేసే వేళకి పిల్లని తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టి, తనే సూది గుచ్చింది.

స్లైడు కింద పెట్టి కన్ను ఆనించింది. తెల్లకణాలు పిందెలుగానే ఉండి, ఎదగకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపించాయి. వందలో ఎనభై అవే. లెక్క పూర్తిచెయ్యాల్సిన పని కూడా లేదు. అయినా అలవాటు కొద్దీ వందా లెక్కపెట్టింది.

"ఏముందమ్మా అందులో?" అంది పిల్ల.

"కడగాలి, రంగు సరిగ్గా పట్టలేదు," అంది తల్లి.

సోమవారం పెద్దాసుపత్రిలో చేర్చింది. అక్కడి డాక్టరు ఆమె చూసిందే చూసి, ఆమె అనుకున్నదే చెప్పాడు. ఇప్పుడు మందులున్నాయి, పదిమందిలో ఎనిమిదిమంది కోలుకుంటున్నారు అన్నాడు. ఆ ఎనిమిదిమందిని ఆమె గట్టిగా పట్టుకుంది.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. పిల్లకి ఒంట్లో బాగాలేదని లాయరు ద్వారా కబురు పెడితే, వరసగా రెండుసార్లు తీసుకురాకపోతే కోర్టు ధిక్కారం కింద వస్తుందని జవాబొచ్చింది. మందుకీ మందుకీ మధ్య, జుట్టు ఊడిన తలకి టోపీ పెట్టి, జ్వరంతో కాలిపోతున్న పిల్లని భుజం మీద వేసుకుని అప్పగింతల గదికి తీసుకెళ్ళేది. రిజిస్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి చూసి, కుర్చీ లాగేది. తెరలోంచి చెయ్యి అందించి తల్లి తలుపు దాటేసరికి వెనకనుంచి ఎప్పటిలాగే కిలకిలా నవ్వు వినిపించేది. ఆ నవ్వు ఆమెకి పుండు మీద కారంలా తగిలేది. అదేమిటని ఒక్కసారి ఆగి ఆలోచిస్తే సరిపోయేది. కోపం ఆలోచించనివ్వలేదు.

రెండు నెలలకి ఆసుపత్రి వరండాలో ఉండగా లాయరు గుమాస్తా వచ్చి కాగితాలు చేతిలో పెట్టాడు. పాత మొగుడు కేసు వేశాడు. తల్లి లేని జబ్బు సృష్టించి, ఆదివారాలు ఎగ్గొట్టడానికీ వైద్యం పేరుతో డబ్బు గుంజడానికీ చూస్తోందని. పిల్ల తన దగ్గర గెంతులేస్తోంది, పెట్టిందల్లా తింటోంది, తలనిండా జుట్టుందని. సాక్ష్యంగా ఒక ఆదివారం తను స్వయంగా చేయించిన రక్తపరీక్ష రిపోర్టు జతచేశాడు. అందులో అన్నీ మామూలుగా ఉన్నాయి.

ఎద్దు పుండు కాకికి నొప్పా అనుకుంది ఆమె. పళ్ళు పటపటలాడాయి. ఎవరి పిల్ల రక్తమో ఇచ్చి తన కూతురి పేరు రాయించాడు. రిపోర్టు మీద ల్యాబు పేరుంది. ఆ ల్యాబు ఆమెకి తెలుసు. అక్కడ పనిచేసేది తనతోపాటు కోర్సు చదివిన ఆవిడే. ఆ సాయంత్రమే వెళ్ళి ఆ స్లైడు చూపించమంది.

"చూడవే, దాచేదేముంది," అని ఆ స్నేహితురాలు పెట్టె తెరిచి స్లైడు తీసిచ్చింది.

తల్లికి రక్తంలో చిన్న ప్రత్యేకత ఉంది. ఎర్రకణాలు కొన్ని గుండ్రంగా కాకుండా కోలగా ఉంటాయి. దానివల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు, పుట్టుమచ్చ లాంటిది. కాన్పయిన మర్నాడు పిల్ల ముక్కు ఎవరిదీ, కళ్ళు ఎవరివీ అని చుట్టాలు వాదించుకుంటుంటే, ఆమె ఒక చుక్క తీసి ల్యాబుకి పంపించుకుని, కూతురికీ కోలకణాలే ఉన్నాయని తెలిసి దుప్పటి కింద నవ్వుకుంది. ఇప్పుడు మైక్రోస్కోపులో చూస్తే ఆ కోలకణాలు కనిపించాయి. వాటి మధ్య తెల్లకణాలు ఎక్కడ ఎన్ని ఉండాలో అక్కడ అన్నే ఉన్నాయి. పిందె ఒక్కటీ లేదు.

ఎవరి రక్తమూ కాదు, తన కూతురిదే. నాలుగేళ్ళ కూతురిది.

ఇంతకాలం ఆ విషయం ఎందుకు తట్టలేదో ఎవరినడిగితే ఏం చెప్తారు? రెండు వయసులుంటాయని తెలుసు, రెండు సైజుల చెప్పులు కొంటూనే ఉంది. కానీ ఒక వయసులో పట్టుకున్న జబ్బు ఇంకో వయసులో మొదలై ఉండదని, కళ్ళెదుట ఒకే వయసు పిల్ల మూలుగుతుంటే ఏ తల్లికి తోస్తుంది? తన దగ్గర పిల్లకి ఎనిమిదేళ్ళు వచ్చాక ఎక్కడో మొదలైంది ఈ పురుగు. అవతల పిల్ల అంత దూరం ఇంకా రాలేదు. ఆయన అడిగిన సగం రోజులూ ఇచ్చి ఉంటే ఎంతో కొంత దగ్గరికి వచ్చి ఉండేది. తను పంతానికి బిగబట్టిన రోజులే ఆ పిల్లని అక్కడ ఆపి ఉంచాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు, ఆమెకి పాపానికి పోతే పుణ్యం ఎదురైంది. దానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అప్పటికప్పుడు ఏదైనా చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. డాక్టరు చెప్పిన ఎనిమిదిమందీ ఉన్నారు కదా, అందులో తన పిల్ల ఒకతె ఎందుకు కాకూడదు? పైగా పిల్లని తండ్రికి వదిలెయ్యడమంటే ఈ పిల్లని వదిలెయ్యడమే. ఎక్కాలు చెప్పే పిల్ల, తను అబద్ధమాడితే పట్టేసే పిల్ల, కిందటేడు స్కూల్లో నాటకంలో చెట్టు వేషం వేసి గంటసేపు కదలకుండా నిలబడ్డ పిల్ల. అవతలున్నది తన కూతురే, కాదనడానికి లేదు. కానీ ఈ నాలుగున్నరేళ్ళూ అవతలి పిల్లకి తెలియవు. తల్లి ఆ ఇద్దరినీ తూకం వెయ్యలేక ఆరు వారాలు ఊరుకుంది. ఆ ఆరు వారాల గురించి తర్వాత ఎవరూ ఆమెని ఏమీ అనలేదు, ఆమె తనని తానే అనుకుంది.

మూడో విడత మందు కూడా పనిచెయ్యలేదు. డాక్టరు ఆమెని గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఎదుటి కుర్చీలో కాకుండా పక్క కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో కూర్చున్నాడంటే ఏమిటో ఆసుపత్రుల్లో తిరిగినవాళ్ళకి తెలుసు.

"ఎన్నాళ్ళండీ?" అంది.

"వారాలమ్మా. నెలలని చెప్పలేను."

"వాళ్ళ నాన్న దగ్గర దానికి నాలుగేళ్ళు."

ఆయన తల ఊపాడు. "నేనే అడుగుదామనుకున్నాను. మీ ఇద్దరిదీ కోర్టు కేసని విని నోరు రాలేదు."

"అక్కడ ఎనిమిదేళ్ళు వచ్చాక మళ్ళీ వస్తుందా?"

"వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. మూడు నెలలకోసారి రక్తం చూపిస్తూ ఉండాలి. ఇంతకుముందు ఇలా ఇద్దరు చేశారు. మళ్ళీ నా దగ్గరికైతే రాలేదు."

"మీ దగ్గరికి రాలేదంటే బాగున్నట్టే కదండీ?"

"అలాగే అనుకుంటున్నానమ్మా," అన్నాడు డాక్టరు. "ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకసారి పంపించాక మీరు చెయ్యి తగిలించకూడదు. ఈసారి ఇటు తిరిగొస్తే ఆ పిల్ల తట్టుకోలేదు."

ఐదేళ్ళుగా నొక్కని నంబరు ఆమె ఆసుపత్రి మెట్ల మీద నిలబడి నొక్కింది. అవతల ఎక్కడో లిఫ్టు గొయ్యిలో ఉన్నాడేమో, మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"నువ్వు సగం రోజులు అడిగావు కదా. మొత్తం తీసుకో," అంది.

"ఇదేం ఎత్తు?"

"ఎత్తు కాదు. దానికి నిజంగానే బాగాలేదు."

"పోయిన ఆదివారమే నా నెత్తి మీద ఎక్కి ఊరేగింది. ఎవరికి చెప్తావు?"

"ఇక్కడికి రా. వచ్చి నీ కళ్ళతో చూడు. గది బయటే ఉండు, ముట్టుకోకు, అంతే."

ఆయన వచ్చాడు. పనిబట్టల్లోనే, చేతులకి గ్రీజుతోనే వచ్చాడు. మొహంలో దొంగని పట్టుకోబోతున్నవాడి బింకం ఉంది. వార్డు తలుపుకి గాజు బిళ్ళ ఉంది. ఆమె ఆయన్ని అక్కడ నిలబెట్టింది. లోపల పిల్ల మంచం మీద దిండుకి ఆనుకుని, బోడితలతో, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఏదో రాస్తోంది. పెన్సిలు ఆపి పైకి చూసి, పెదాలు కదుపుతూ లెక్క వేసుకుని, మళ్ళీ రాసింది. మోకాళ్ళు దుప్పట్లో గుట్టలా లేచాయి.

ఆయన చాలాసేపు చూశాడు. "ఇంత పొడుగైందా," అన్నాడు.

గాజు మీద అరచెయ్యి ఆనించి, గ్రీజు మరక పడిందని చూసుకుని, చొక్కా అంచుతో తుడిచి, తుడుస్తూ తుడుస్తూ అలాగే గోడకి జారగిలబడి ఏడ్చాడు. మూడో తరగతి చదువుతున్నది ఎవరో ఆయనకి ఐదేళ్ళ తర్వాత కనిపించింది. ఆమెకి జాలేసింది. అదే మనిషి మీద జాలి పడి చాలా ఏళ్ళయింది గనక అదేమిటో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

కోర్టు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం పిల్లకి తల్లిని చూసే హక్కుంది. ఆ హక్కు పిల్లది, తల్లిది కాదు, కాబట్టి తల్లి వద్దనుకున్నంత మాత్రాన పోదు. మామూలుగా కస్టడీ మారిస్తే నెలకి రెండు ఆదివారాలు తల్లికి ఇచ్చి తీరాలి, ఆమె రాకపోతే పిల్లనే తీసుకెళ్ళి అప్పగించాలి. జబ్బు సంగతి చెప్పుకుంటే వైద్యుల కమిటీ, వాళ్ళ వాయిదాలు, ఆరు నెలల మాట. ఇక తల్లిని చూడనక్కర్లేకుండా, వెంటనే పిల్లని ఇచ్చెయ్యడానికి ఫారంలో ఒకే ఒక్క గడి ఉంది. తల్లి పెంపకానికి తగనిది అని.

"అందులో టిక్కు పెడితే చాలదు. ఏం చేసిందో కింద రాయాలి," అంది రిజిస్టరమ్మ. ఫారాలు కూడా ఆవిడ దగ్గరే ఉండేవి.

"ఏం రాయను?"

"అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఒకటి జరిగిందే పట్టుకో అమ్మాయ్, దాన్ని లాగు."

ఆమె పెన్ను పట్టుకుని కూర్చుంది. జరిగింది ఒకటుంది. పిల్లకి ఐదేళ్ళప్పుడు ల్యాబునుంచి అర్జెంటని పిలిస్తే, జ్వరంగా ఉన్న పిల్లకి మందేసి, పడుకోబెట్టి, బయట తాళం పెట్టి వెళ్ళింది. రెండు గంటల్లో తిరిగొచ్చింది. పిల్ల తలుపు దగ్గర నేల మీద నిద్రపోయి ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రెండు గంటల్ని రెండు రోజులు చేసి రాసింది. ఒకసారిని తరచుగా అని రాసింది. రాస్తుంటే అక్షరాలు బాగానే వచ్చాయి. రిజిస్టరమ్మ చదివి, తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడిచి, ముద్ర వేసింది.

"ఇది రికార్డుల్లో ఉండిపోతుందమ్మాయ్. పద్దెనిమిదేళ్ళు నిండాక పిల్ల అడిగితే చూపించాలి, రూలు."

"పద్దెనిమిదేళ్ళు నిండనీండి," అంది తల్లి.

జడ్జిగారు చదివి, తలెత్తి ఆమె వంక అసహ్యంగా చూసి ఉత్తర్వు ఇచ్చారు. పిల్ల ఖర్చుకి నెలనెలా ఇక ఆమే ఇవ్వాలని కూడా చేర్చారు. వరండాలోకి వచ్చాక మాజీ మొగుడు ఆమె వెనకే నడిచాడు.

"పెద్దయ్యాక నేను చెప్తాను దానికి. అందులో రాసిందంతా అబద్ధమని, నువ్వెందుకు రాశావో," అన్నాడు.

"చెప్పకు."

"అదేంటి? నిన్ను తిట్టుకుంటుంది."

"తిట్టుకోనీ. నిజం చెప్తే నన్ను వెతుక్కుంటూ వస్తుంది."

లిఫ్టులు బాగుచేసే మనిషి, చెడిపోయినదాన్ని విప్పి చూస్తే ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుందని నమ్మేవాడు. ఇక్కడ విప్పడానికి ఏమీ దొరకలేదు.

అప్పగింత శుక్రవారం. గురువారం మధ్యాహ్నం తల్లి పిల్ల పక్కన మంచం మీద పడుకుని చెప్పింది. దాచడానికి చూసింది గాని, ఆ పిల్ల దగ్గర అబద్ధాలు సాగవు.

"అక్కడ నాకు నొప్పుండదా?" అంది పిల్ల.

"ఉండదు."

"జుట్టుంటుందా?"

"బోలెడంత."

పిల్ల పైకప్పు ఫ్యాను వంక చూస్తూ ఆలోచించింది. "మరి ఈ నేను ఎక్కడుంటాను?"

ల్యాబులో పనిచేసేవాళ్ళకి తెలియనిది తెలియదని చెప్పే అలవాటు ఉంటుంది. "తెలీదు చిట్టీ," అంది తల్లి.

"నువ్వు ఆదివారాలు వస్తావా?"

"రాను."

"ఎందుకు?"

"వస్తే నా చెయ్యి పట్టుకుంటావు."

"పట్టుకోను. ఒట్టు."

"నాలుగేళ్ళ పిల్లకి ఒట్టు గుర్తుండదమ్మా."

పిల్ల తల్లి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలే చూసింది. గోళ్ళ సందుల్లో ల్యాబు రంగు ఊదాగా పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ఆ రంగుని గోటితో గీకుతూ గీకుతూ నిద్రపోయింది. తల్లి ఆ చెయ్యి కదపకుండా సాయంత్రం దాకా పడుకుంది.

శుక్రవారం అప్పగింతల గదిలో వేరే ఎవరూ లేరు. ఆమె సంతకం పెట్టింది, టైము వేసింది. పిల్లని ఎత్తుకుని తెర దాకా తీసుకెళ్ళి దించింది. నిలబడలేకపోతే రిజిస్టరమ్మ నడుము పట్టుకుంది. పిల్ల తెర వెనక్కి జరిగి ఒక చెయ్యి అవతలికి చాపింది. ఇవతలి చెయ్యి తల్లి చేతిలో ఉంది, వేడిగా, ఎముకలు తగులుతూ. అవతల ఆయన కూడా తటపటాయిస్తున్నట్టున్నాడు, ఎంతకీ చెయ్యి అందుకోలేదు.

"అమ్మా," అంది పిల్ల తెరలోంచి.

"ఏంటమ్మా?"

"వదిలెయ్."

అవతల తండ్రి చెయ్యి తగిలింది. తల్లి పిడికిట్లో వేళ్ళు చల్లబడ్డాయి, చిన్నవయ్యాయి, మెత్తబడ్డాయి. సూది గుచ్చిన చోట అంటించిన పట్టీ జారి ఆమె అరచేతిలో ఉండిపోయింది. ఆ బుల్లి చెయ్యి ఆమె వేలిని ఒక్కసారి గట్టిగా చుట్టుకోబోయింది. ఆమె లాక్కుంది. లాక్కుని, తలుపు వైపు నడిచింది. వెనకనుంచి "నాన్నా, అమ్మేది?" అని వినిపించింది. ఆయన ఏం జవాబు చెప్పాడో వినకుండా ఉండడానికి మెట్లు రెండేసి దిగింది. సంచీ ఇవ్వడానికి రిజిస్టరమ్మ గేటు దాకా ఆయాసపడుతూ వచ్చింది గాని బస్సు వెళ్ళిపోయింది.

ఇల్లు మారమని చుట్టాలు చెప్పారు. ఆమె మారలేదు గాని, ఆయన ఉండే వైపు వెళ్ళే బస్సులు ఎక్కడం మానేసింది. పిల్లల పార్కు పక్కనుంచి పోవాల్సి వస్తే వీధి దాటి అవతలి పక్కన నడిచేది. కోర్టు కాగితం సంగతి ఎలా పాకిందో, కింద వాటాలో ఆవిడ పలకరించడం మానేసింది. ఆమె దాన్ని కూడా దిద్దబోలేదు. అందరూ నమ్మితేనే ఆ కాగితం నిలబడుతుంది.

మూడు నెలలు గడిచాక ఒక పొద్దున ల్యాబు కౌంటరు దగ్గర ఒకాయన రక్తమున్న చిన్న గొట్టం ఇచ్చి వెళ్ళాడని, మరెవరి చేతా కాకుండా ఆమె చేతే చూపించమన్నాడని చెప్పి ఆమె బల్ల మీద పెట్టారు. ఊరి అవతలి కొసనుంచి దారిలో నాలుగు ల్యాబులు దాటుకుని వచ్చాడు. రక్తం చూపించమని డాక్టరు చెప్పాడే గాని, ఎవరికి చూపించాలో చెప్పలేదు. ఆయన చొక్కాకి గ్రీజుందని కౌంటరు అమ్మాయి అంది.

ఒంట్లోంచి తీసేశాక రక్తానికి ఎవరి చెయ్యి తగిలినా ఏమీ కాదు. అయినా ఆమె గ్లవ్సు వేసుకునే గొట్టం తీసింది. ఒక చుక్క స్లైడు మీద వేసి, పల్చగా పరిచి, ఆరనిచ్చి, రంగు పట్టించి, కడిగి, మళ్ళీ ఆరనిచ్చింది. కిటికీ పక్కన కూర్చుని కన్ను ఆనించింది.

అంతా బాగుంది. ఎక్కడ చూసినా బాగుంది. వంద దాకా లెక్కపెట్టింది. వందతో ఆపొచ్చు. ఆమె స్లైడు జరుపుకుంటూ రెండో వంద మొదలుపెట్టింది, మూడోది, నాలుగోది. పక్క బల్ల ఆవిడ ఏమైనా అనుమానమా అని అడిగితే లేదంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చి, బల్ల మీంచి నేల మీదికి దిగింది. అప్పటికి ఆ చుక్కలో ఆమె చూడని చోటు లేదు.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని రిపోర్టు కాగితం ముందుకి లాక్కుంది. అన్నీ మామూలుగా ఉన్నాయని రాసింది. పైన పేరు పక్కన వయసు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. కౌంటరులో మర్చిపోయినట్టున్నారు. ఆమె వేళ్ళ మీద ఒకసారి లెక్క చూసుకుని, నాలుగేళ్ళ మూడు నెలలు అని రాసి, సంతకం పెట్టింది.